ఏడు విజిళ్ళ పప్పు

ఒకప్పటి మా పక్కింటావిడ జ్ఞాపకార్థ కూడికలో నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. ఉప్పల్‌లో వాళ్ళ సందులోనే షామియానా వేసి, తెల్ల కవర్లు తొడిగిన కుర్చీలు వరసగా వేశారు. మైకు నా చేతికిస్తూ పాస్టర్‌గారు చెవిలో "రెండే నిముషాలమ్మా" అన్నారు. ముప్పై ఏళ్ళు క్లాసురూముల్లో లెక్కలు అరిచి చెప్పిన గొంతు నాది, మైకులు నాకు అక్కర్లేదు. ఆ రోజు మాత్రం మైకున్నా గొంతు రాలేదు. "చాలా మంచి మనిషి, ప్రార్థనాపరురాలు, పిల్లల్ని క్రమశిక్షణతో పెంచింది" అని, ఎవరు పోయినా అందరూ చెప్పేదే చెప్పి దిగొచ్చేశాను. కూర్చున్నాక నా మీద నాకే ఒళ్ళు మండింది. ఆవిడే గనక వింటే పక్కనున్నావిడని గిల్లి, "టీచరమ్మ ఎవలి గురించి జెప్తున్నది?" అని అడిగి ఉండేది. మైకులో చెప్పలేకపోయినవి ఇక్కడ రాసుకుంటున్నాను.

ఆహ్వానం కార్డు మీద పేరు చూసి ముందు ఇదెవరబ్బా అనుకున్నాను. పదకొండేళ్ళు ఒకే గోడకు అటూ ఇటూ కాపురాలు చేసి పేరు తెలియదనడం సిగ్గుచేటే. కానీ ఆ పేరుతో పిలిచినవాళ్ళు నాకెక్కడా తగల్లేదు. పెద్దమ్మాయి పేరు షారోన్, కనక ఆవిడ షారోనమ్మ. వాళ్ళాయనకూ షారోనమ్మే, కూరగాయల బండివాడికీ షారోనమ్మే. కార్డు మీది పేరు ఇక్కడ రాయను. ఆ పేరు పెట్టి పిలిస్తే ఆవిడ తిరిగి చూసే రకం కాదు.

నాచారంలో మా ఇల్లు రెండు పోర్షన్లది. మధ్యగోడకి ఇటు నా పొయ్యి, అటు వాళ్ళ పొయ్యి. మేం గుంటూరు వైపు నుంచి ఉద్యోగాల కోసం వచ్చి పడ్డవాళ్ళం. వాళ్ళాయనకి పారిశ్రామికవాడలో ఏదో కంపెనీలో షిఫ్టు డ్యూటీ. ఆవిడ పుట్టిల్లు ఉప్పల్ పాత ఊళ్ళోనే, షేర్ ఆటో ఎక్కితే పావుగంట. అయినా పుట్టింటికి వెళ్ళేటప్పుడు నాలుగు సంచులు సర్దుకుని, ఇరుగుపొరుగుకు చెప్పి, కళ్ళు తుడుచుకుని మరీ వెళ్ళేది. సాయంత్రానికి వచ్చేసేది.

వాళ్ళు దిగిన మొదటి వారంలోనే ఆవిడకి వంట రాదని తేల్చేశాను. కందిపప్పు వాసన వస్తుంది, కుక్కరు కూస్తుంది. మూడు విజిళ్ళకి కట్టేస్తుందనుకుంటానా, నాలుగు, ఐదు, ఆరు. ఏడో దానికి ఇటువైపు నేను పళ్ళు నూరుతూ ఉండేదాన్ని. లెక్కల టీచర్ని కదా, ఎక్కడైనా లెక్క తప్పితే ఊరుకోలేను. ఒక రోజు పెరట్లో బట్టలారేస్తూ అడిగేశాను.

"ఏమండీ, కందిపప్పుకి మూడు విజిళ్ళు చాలవూ? ఏడెందుకు?"

ఆవిడ క్లిప్పులు నోట్లోంచి తీసి, తడబడకుండా చెప్పింది. "పప్పుకు మూడే టీచరమ్మా. కడమ నాలుగు నా కోపానికి."

విషయమేమిటంటే, పిల్లల మీద చెయ్యి లేచినప్పుడల్లా ఆవిడ వంటింట్లోకి వెళ్ళి కుక్కరు పెడుతుంది. పొయ్యిగట్టు రెండు చేతులా పట్టుకుని, కళ్ళు మూసుకుని, మూడు విజిళ్ళు వచ్చేదాకా ప్రార్థన చేస్తుంది. కోపం తగ్గకపోతే ఇంకో రెండు. అప్పటికీ తగ్గకపోతే ఇంకో రెండు. చేతులు ఖాళీగా ఉండవు కనక ఎవరినీ కొట్టదు, గట్టు వదలదు కనక ఎటూ పోదు. పప్పు లేని రోజున ఉత్త నీళ్ళే పెట్టేది.

"అన్ని విజిల్లయినంక గూడ కొట్టబుద్ధైతే కొడ్త. గది నాకు దేవునికి ఒప్పందం" అంది.

"మరి ఎప్పుడైనా కొట్టారా?"

"నాలుగుసార్లు కొట్టిన. నాలుగుసార్లూ మధ్యల గ్యాసు అయిపోయింది."

ఆ తర్వాత గోడవతల ఏం జరుగుతోందో నాకు చూడకుండానే తెలిసేది. మూడంటే ఇల్లు ప్రశాంతం. ఐదంటే హోంవర్కు. ఏడంటే చిన్నోడు ఏదో పగలగొట్టాడు. ఒకసారి పదకొండు వినిపించేసరికి నేను గరిటె పట్టుకునే పరిగెత్తాను. చిన్నోడు, అప్పుడు వాడికి నాలుగేళ్ళు, వాళ్ళ నాన్న ఫోను ఈదుతుందేమో చూద్దామని బకెట్లో వేశాడట. షారోనమ్మ గట్టు పట్టుకుని కళ్ళు మూసుకుని ఉంది. వాడు గుమ్మంలో నిలబడి వేళ్ళ మీద విజిళ్ళు లెక్కపెడుతున్నాడు. ఆ రోజు వాళ్ళు పప్పుని అన్నంలో కలుపుకోలేదు, గ్లాసుల్లో పోసుకుని తాగారు.

ఆవిడ ప్రార్థన నేను చాలాసార్లు గోడ ఇవతలి నుంచి విన్నాను. వినకూడదని తెలుసు, అయినా విన్నాను. గుళ్ళో పంతులుగారి మంత్రంలాగా అది నున్నగా సాగదు. "యేసయ్యా, సూస్తున్నవా? నా పిల్లలకు మంచి బుద్ధి... ఓరేయ్, ఆ స్టూలు దిగు, కాళ్ళిరుగుతయి... మంచి బుద్ధి దయచెయ్యి తండ్రీ. నాకు ఓపిక... షారోన్, పాలు పొంగుతున్నయే, బందు జెయ్యి... ఓపిక ఇయ్యి. ఎక్కువ వద్దు, ఈ ఒక్క పొద్దు మందం ఇయ్యి. రేపటిది రేపడుగుత." ఎదురుగా కూర్చున్న పెద్దమనిషితో మాట్లాడుతున్నట్టే ఉండేది. ఆయన్ని కూడా ఒక్కోసారి గదమాయించేది.

శనివారం మధ్యాహ్నాలు షారోన్‌ని గుమ్మంలో కూర్చోబెట్టి పేలు తీసేది. ఒక్కో పేను దొరికినప్పుడల్లా గోటి మీద పెట్టి నొక్కి "స్తోత్రం" అనేది. పాపం షారోన్‌కి జుట్టు ఒత్తుగా ఉండేది, స్తోత్రాలు కూడా ఒత్తుగానే పడేవి. దారిన పోతున్న, వాళ్ళ చర్చి సంఘస్థురాలొకావిడ అదేదో గొప్ప ఆరాధన అనుకుని గేటు దగ్గరే ఆగి చేతులెత్తింది. షారోనమ్మ పేను చేతిలో పట్టుకునే ఆవిడతో "ఆమేన్" అంది.

స్కూలు వ్యాను సంగతి మీద మాత్రం నాకూ ఆవిడకీ పెద్ద గొడవే అయింది. పొద్దున చిన్నోడికి ఒక బూటు దొరికితే ఇంకోటి దొరకదు. ఆవిడ మంచం కింద దూరి వెతుకుతూ, "ప్రభువా, ఆ వ్యానును జర రెండు నిముషాలు ఆపు" అని గట్టిగా వేడుకునేది. నిజంగానే ఒక రోజు వ్యాను పావుగంట ఆలస్యంగా వచ్చింది. అదే వ్యానులో వెళ్ళే మావాడికి ఆ రోజు మొదటి పీరియడ్‌లో యూనిట్ టెస్టు.

"మీ దేవుడికి ఇంకో పనేం లేదా? బూట్లూ వ్యాన్లూ చూసుకోవడమేనా?" అని కేకలేశాను.

"పెద్ద పెద్ద పనులకు పెద్దోళ్ళు ఉన్నరు టీచరమ్మా. మా అసొంటోళ్ళ బూట్లు ఎవలు జూస్తరు? ఆయన తప్ప." చిన్నోడి బూటు దులుపుతూ, "అయినా నేను రెండే నిముషాలు అడిగిన. పావుగంట ఆయన సొంతంగ ఇచ్చిండు. నన్నేమనకున్రి" అంది.

పొయ్యి పక్కన మేకుకి వాళ్ళ చర్చి కాలెండర్ వేలాడేది. తారీఖుల గళ్ళలో ఆవిడ అర్జీలు రాసేది. 'చిన్నోని దగ్గు.' 'ఆయన నైట్ డ్యూటీ మారాలె.' 'షారోన్ నాతో మాట్లాడాలె.' పని అయిందంటే టిక్కు. ఏడాది చివరికి టిక్కు పడనివి ఉంటే, కొత్త కాలెండర్ మొదటి పేజీకి ఎక్కించేది. నూనె చుక్కలతో పసుపు మరకలతో ఆ కాగితాలు చూడముచ్చటగా ఉండేవి. ఒకసారి కరివేపాకు కోసం వెళ్ళి తొంగి చూడబోతే, అరచెయ్యి అడ్డం పెట్టేసింది. "గివి ఆయనకు నాకు నడుమ ముచ్చట్లు. మీరు లెక్కలు జూసుకోండ్రి" అంది.

ఇక నా సంగతి చెప్పాలి. నాకు కోపం ఎక్కువ. ఇది ఒప్పుకోవడానికి నాకేం బాధ లేదు, నా దగ్గర చదువుకున్నవాళ్ళు ఊరినిండా ఉన్నారు. మావాడు మూడో క్లాసులో ఉండగా పన్నెండో ఎక్కం దగ్గర రోజూ తప్పేవాడు. ఒక సాయంత్రం పన్నెండేళ్ళు ఎనభై నాలుగు దగ్గర మూడోసారి తప్పేసరికి చెక్క స్కేలు తీశాను. రెండు దెబ్బలు పడ్డాయి. మూడోదానికి చెయ్యి ఎత్తానో లేదో, వీధి తలుపు తోసుకుని షారోనమ్మ వచ్చింది. చేతిలో వాళ్ళ కుక్కరు.

"కొట్టున్రి, నేనొద్దంట లేను. ముందుగాల గిది పొయ్యి మీద పెట్టున్రి."

"మీ దేవుడు మా ఇంట్లో లేడు" అన్నాను. అంతకంటే పుల్లవిరుపు మాట అప్పటికి దొరకలేదు.

"దేవుని సంగతి నేన్ జూసుకుంట. మీరు పప్పు సంగతి జూడున్రి."

విసురుగా కుక్కరు లాక్కుని, నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టాను. గట్టు పట్టుకుని నిలబడ్డాను. ప్రార్థనలేవీ చెయ్యలేదు. పళ్ళు నూరుకుంటూ నిలబడ్డానంతే. మొదటి విజిల్. కాసేపటికి రెండోది. అప్పుడు మావాడి వైపు చూశాను. వాడు అరచేతులు నిక్కరుకి రాసుకుంటూ కుక్కరు వైపే చూస్తున్నాడు. మూడోది వచ్చాక నెమ్మదిగా అడిగాడు. "అమ్మా, ఇప్పుడు కొడతావా?"

నాకు సిగ్గేసింది. అంత సిగ్గు నేను అంతకు ముందెప్పుడూ పడలేదు. వాణ్ణి దగ్గరికి లాక్కుని ఏడ్చాను. షారోనమ్మ ఆవిరి పోయేదాకా ఆగి, మూత తీసి చూసింది. అందులో ఉత్త నీళ్ళున్నాయి. కోపంలో పప్పు వెయ్యడమే మర్చిపోయాను.

"ఏం ఫికర్ లేదు" అంది. "మొదటిసారి అందరం మరుస్తం."

ఇదంతా ఒక ఎత్తు, షారోన్ పదో తరగతి ఒక ఎత్తు. ఆ పిల్ల తెలుగు, సైన్సు, సోషలు అన్నీ గడగడ అప్పజెప్పేది. లెక్కల పుస్తకం తెరిస్తే మొహం పాలిపోయేది. షారోనమ్మ ఒక సాయంత్రం ఆ పిల్లని నా ముందు కూర్చోబెట్టి పని పంచేసింది. "దేవునికి నేను జెప్పిన. షారోన్‌కు మీరు జెప్పున్రి."

నేను చెప్పాను. ఆ పిల్ల విన్నది. కానీ ఇంటికెళ్ళగానే వాళ్ళమ్మ ఒక పాట ఎత్తుకునేది, అది గోడ దాటి నాకూ వినపడేది. "నేను లెక్కలల్ల క్లాసు ఫస్టుండే. టెన్త్ ఫస్ట్ టైమ్‌లనే కొట్టిన. నా కడుపుల పుట్టి నీకు లెక్కలెందుకు రావే?" వినీ వినీ షారోన్ ఇంకా ముడుచుకుపోయేది. నాకు మాత్రం ఈ క్లాసు ఫస్టు సంగతి మీద మొదటి నుంచీ అనుమానమే. క్రిస్మస్ కేకు చేస్తూ, రెండు వందల యాభై గ్రాములంటే పావుకిలోనా అరకిలోనా అని ఆవిడ నా దగ్గరికి వచ్చి అడిగింది మరి. నేను మీసాలు లేకపోయినా మీసాల్లో నవ్వుకుని ఊరుకున్నాను.

వాళ్ళ చర్చిలో ఆదివారం పాటలయ్యాక సాక్ష్యాలుంటాయి. ఆ వారం దేవుడు తమకి చేసిన మేలేదో లేచి నిలబడి అందరికీ చెబుతారు. జ్వరం తగ్గినవాళ్ళు, ఉద్యోగం వచ్చినవాళ్ళు, పోయిన మేక దొరికినవాళ్ళు. అందరూ మేలు జరిగాక చెబుతారు. షారోనమ్మ జరగకముందే చెప్పేది. "అయినంక ఎవలైన జెప్తరు టీచరమ్మా. కాకముందుకే జెప్పితే ఆయనకింక తప్పది గదా. అందరి ముంగట ఆయన ఇజ్జత్ సవాల్" అని నాకు ఆ కిటుకు వివరించింది. చిన్నోడి టాన్సిల్స్‌కీ, వాళ్ళాయన షిఫ్టుకీ అది పనిచేసిందట. ఈసారి పదో తరగతి ఫలితాలు మంగళవారమనగా, ఆదివారం లేచి నిలబడి, "నా బిడ్డ షారోన్ లెక్కలల్ల మంచి మార్కులతోని పాసైనందుకు దేవునికి స్తోత్రం" అని చెప్పేసింది. సంఘమంతా చప్పట్లు కొట్టింది. కొందరు షారోన్‌కి చెయ్యి కూడా కలిపారు. ఆ పిల్ల తల వంచుకుని నవ్వుతూ కూర్చుందట.

అప్పటికింకా ఫలితాలు ఫోన్లలో రావు. మంగళవారం వాళ్ళాయన నాచారం చౌరస్తాలో ఇంటర్నెట్ సెంటరుకి వెళ్ళి చిన్న కాగితం తెచ్చాడు. అన్నీ పాసు. లెక్కలు ముప్పై ఒకటి. ముప్పై అయిదు రావాలి.

ఆయన గేటు తియ్యడం విన్నాను. లోపల మాటలు విన్నాను. వంటింట్లో నిలబడి విజిల్ కోసం చెవులు రిక్కించాను. ఎన్ని వస్తాయో అని మనసులో పందెం కూడా వేసుకున్నాను, పదిహేనుకు తక్కువ ఉండవని. ఒక్కటీ రాలేదు. అరగంటైనా రాలేదు. అప్పుడు నాకు భయం వేసింది.

వెళ్ళి చూస్తే కుక్కరు గట్టు మీద బోర్లించే ఉంది. షారోనమ్మ దాన్ని చూస్తూ నిలబడి ఉంది. "పెట్టబుద్ధైత లేదు టీచరమ్మా. కోపం పోరి మీద లేదు, నా మీదనే ఉంది. దానికెన్ని విజిల్లో నాకెరుక లేదు" అంది.

షారోన్ డాబా మీద నీళ్ళ ట్యాంకు వెనక నీడలో కూర్చుని ఉంది. మే నెల ఎండకి కాళ్ళు కాలుతుంటే ఇద్దరం ఎక్కాం. ఆ పిల్ల ఏడవడం లేదు. అదే ఎక్కువ కష్టంగా అనిపించింది.

"బిడ్డా, కిందికి రా" అంది వాళ్ళమ్మ.

"రాను. ఇంక చర్చికి రాను. మళ్ళ ఎగ్జామ్ రాయ. డాడీ కంపెనీల ప్యాకింగ్ పనికి పోత."

"ఒక్క సబ్జెక్టే కదమ్మా, వచ్చే నెలే సప్లిమెంటరీ" అన్నాను నేను.

"నీకు సమజ్ గాదు మమ్మీ" అంది, నన్ను వదిలేసి. "నువ్వు ఫస్ట్ టైమ్‌లనే కొట్టినవ్. ఫెయిలైతే ఎట్లుంటదో నీకేమెరుక? అందరు చప్పట్లు కొట్టిన్రు. నేను పాస్ గాలేనని నాకు అప్పుడే ఎరుక. అయినా నవ్వుకుంట కూసున్న."

షారోనమ్మ ఒక్కో మెట్టే దిగి కిందికి వెళ్ళిపోయింది. ఎప్పుడూ మాటకి తడుముకోని మనిషి అలా వెళ్ళిపోవడం చూసి నాకు జాలేసింది. పదిహేనేళ్ళ పిల్ల చదువు ఆ ట్యాంకు నీడలోనే ఆగిపోయేలా ఉంది. ఇటు దేవుణ్ణి వాడేసింది, అటు నన్నూ వాడేసింది, ఇక ఆవిడ దగ్గర మిగిలింది ఏమీ లేదనే అనుకున్నాను.

శనివారం నా దగ్గరికి వచ్చింది. "రేపు మీరు మా చర్చికి రావాలె."

"నేనెందుకు?"

"లెక్కలు తెలిసినోళ్ళు ఒకలు ఉండాలె."

అలా జీవితంలో మొదటిసారి చర్చికి వెళ్ళాను. ఉప్పల్ రోడ్డులో ఒక షాపు మీద మొదటి అంతస్తు, రేకుల కప్పు. ఏ చీర కట్టుకోవాలో తెలియక పట్టుచీర కట్టుకుని వెళ్ళాను, అందరూ నన్ను ఎక్కడినుంచో వచ్చిన ముఖ్య అతిథి అనుకుని వందనాలు చెప్పారు. షారోన్ రానని భీష్మించింది కనక వాళ్ళమ్మ బలవంతపెట్టలేదు. "టీచరమ్మకు కొత్త. జర మెట్లదాంక తోలుకరా చాలు" అని నా వెంట పంపింది. ఆ పిల్ల నన్ను పైదాకా తీసుకొచ్చి, లోపలికి రాకుండా గుమ్మం బయట చెప్పుల మధ్య నిలబడింది.

పాటలయ్యాయి. షారోనమ్మ లేచింది. పాస్టర్‌గారి మొహంలో ఆందోళన నాకు స్పష్టంగా కనిపించింది.

"పోయిన ఆదివారం నేను అబద్ధ సాక్ష్యం జెప్పిన. నా బిడ్డ లెక్కలల్ల ఫెయిలైంది" అంది. ఎవరో "అయ్యో" అన్నారు. "అయ్యో అనకున్రి. ముప్పై ఒకటి వచ్చినయి. దానికి నేను స్తోత్రం జెప్తున్న."

పాస్టర్‌గారు "ఆమేన్" అన్నారు, ఆవిడ కూర్చుంటుందేమోనని. కూర్చోలేదు.

"ఇంకొకటున్నది అయ్యగారూ. నేను టెన్త్ పాసైన్నని నా పిల్లలకు జెప్పిన. ఫస్టని జెప్పిన. పాస్ గాలే. మూడుసార్లు రాసిన. మొదటిసారి లెక్కలల్ల పదకొండు. రెండోసారి పద్నాలుగు. మూడోసారి తొమ్మిది." నా వైపు తిరిగింది. "టీచరమ్మా, అన్ని కల్పితే ఎంత?"

నేను లేచి నిలబడ్డాను, ఎందుకు లేచానో తెలియదు, క్లాసులో పిల్లలాగా. "ముప్పై నాలుగు" అన్నాను.

"సూసిన్రా? మూడుసార్ల మార్కులు కుప్పబోసినా నేను పాస్ గాలే. నా బిడ్డకు ఒక్కసారికే ముప్పై ఒకటి. నా కంటె మూడంతలు తెలివిగల్లది. గిది గిప్పుడు జరిగిన సాక్ష్యం, జరగబోయేది కాదు."

మగవాళ్ళ వైపు నుంచి ఒక కుర్చీ కిర్రుమంది. వాళ్ళాయన సగం లేచి, "గదేంది? పెండ్లిచూపులల్ల టెన్త్ పాస్ అని జెప్పిన్రు గదా!" అన్నాడు.

సంఘమంతా గొల్లున నవ్వింది. పాస్టర్‌గారు కూడా పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఆ నవ్వుల్లో చెప్పుల దగ్గరినుంచి ఒక నవ్వు వేరుగా వినిపించింది. వెనక్కి తిరిగి చూస్తే షారోన్ గుమ్మానికి ఆనుకుని, పొట్ట పట్టుకుని నవ్వుతోంది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది. షారోనమ్మ సాక్ష్యం మధ్యలో వదిలేసి, అందరి కాళ్ళూ తొక్కుకుంటూ వెళ్ళి ఆ పిల్లని పట్టుకుంది. నాకు కళ్ళు మసకలు కమ్మి ఆ తర్వాతి పాట ఏమిటో గుర్తులేదు.

ఆ మధ్యాహ్నం గోడవతల కుక్కరు కూసింది. నేను లెక్కపెట్టేలోపే షారోన్ అరిచింది, "ఆంటీ, మూడే!" అని. మర్నాడు పొద్దున్నే లెక్కల పుస్తకం పట్టుకుని నా గుమ్మంలో ఉంది. వచ్చే నెల రాసింది, యాభై రెండు వచ్చాయి. మార్కుల మెమో చేతికి వచ్చేదాకా షారోనమ్మ చర్చిలో నోరు విప్పలేదు. ముందస్తు సాక్ష్యాలు మానేసిందని సంఘం అంతా ఊపిరి పీల్చుకుంది. అది ఎక్కువ కాలం సాగలేదనుకోండి. చిన్నోడు ఏడో క్లాసులోకి వచ్చాడు, ఇక వాడి పరీక్షల సాక్ష్యాలు మొదలయ్యాయి.

తర్వాత వాళ్ళు ఉప్పల్‌లో సొంత గదులు వేసుకుని వెళ్ళిపోయారు. అప్పుడప్పుడూ నాగోల్ వైపు వెళ్తూ దిగి పలకరించేదాన్ని. పోయిన నెల గుండెనొప్పి అని దవాఖానాలో చేర్చారట, మూడో రోజుకి పోయింది. నాకు తెలిసేసరికి అన్నీ అయిపోయాయి.

కూడికలో భోజనాలయ్యాక షారోన్ నన్ను లోపలికి తీసుకెళ్ళింది. ఇప్పుడు నర్సు, చంకలో రెండేళ్ళ పిల్ల. వంటింటి అటక మీంచి రబ్బరు బ్యాండు వేసిన కాలెండర్ల చుట్ట దింపింది. తన పదో తరగతి ఏడాది తీసి చూపించింది. 'షారోన్ లెక్కలు' అని రాసి, టిక్కు పెట్టి, ఆ టిక్కు కొట్టేసి, మళ్ళీ టిక్కు పెట్టి ఉంది. రెండో టిక్కు కాగితం చిరిగేంత గట్టిగా పెట్టింది.

"ఆంటీ, మీదొకటున్నది. సూస్తరా?" అంది.

మేం పరిచయమైన ఏడాది కాలెండర్. ఆవిడ అరచెయ్యి అడ్డం పెట్టిన గడి. 'టీచరమ్మకు కోపం తగ్గాలె.' టిక్కు లేదు. తర్వాతి ఏడాది మొదటి పేజీలో అదే. ఆ తర్వాతి ఏడాదీ అదే. నాచారం వదిలి వెళ్ళాక కూడా అదే. ఈ ఏడాది కాలెండర్ పొయ్యి పక్కన మేకుకే ఉంది, అందులో కూడా, కొంచెం వణికిన అక్షరాలతో.

"దేవుడు గీ ఒక్క అర్జీ పెండింగ్‌ల పెట్టిండు అని మమ్మీ నవ్వుతుండె" అంది షారోన్.

నేనూ నవ్వాను. నవ్వుతూనే ఆటో ఎక్కాను. నాచారం వచ్చేసరికి నవ్వు పోయి కోపం వచ్చింది. ఎవరి మీదో కాసేపు తెలియలేదు, తర్వాత తెలిసింది. ఆవిడ దేవుడి మీదే. బూట్లు వెతికిపెట్టినవాడు, వ్యాన్లు ఆపినవాడు, ఆ మనిషికి యాభై నాలుగేళ్ళకే గుండె ఆగిపోతుంటే ఏం చేస్తున్నట్టు? చీరైనా మార్చుకోకుండా వంటింట్లోకి వెళ్ళి కుక్కరు పెట్టాను. ఈసారి పప్పు వెయ్యడం మర్చిపోలేదు. గట్టు పట్టుకుని నిలబడ్డాను. ఆయనతో ఎలా మాట్లాడాలో నాకు తెలియదు కనక, క్లాసులో అరిచినట్టే అరిచాను. మూడు. ఐదు. ఏడు. తొమ్మిది. తగ్గలేదు. పెన్సిల్ తీసుకుని మా గోడ కాలెండర్లో ఆ రోజు గడిలో, 'టీచరమ్మకు కోపం తగ్గాలె' అని ఆవిడ రాసినట్టే రాసుకున్నాను.

తలుపు చప్పుడైంది. షారోనమ్మ వాళ్ళ పోర్షన్లో ఈ మధ్యే దిగిన అమ్మాయి, ఏడుస్తున్న పసివాణ్ణి భుజానేసుకుని నిలబడింది. రేగిన జుట్టు, ఎర్రబడ్డ కళ్ళు.

"ఏమనుకోకున్రి ఆంటీ" అంది. "పప్పుకు తొమ్మిది విజిల్లా?"

"పప్పుకి మూడేనమ్మా" అన్నాను. "లోపలికి రా."